మోసిన నలుగురు, తీసుకొనివచ్చిన కొందరు
మార్కు 2:1-12 వాక్యభాగానికి తెలుగు సంఘాల్లో జరుగుతున్న వ్యాఖ్యానంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

కపెర్నహూములో పక్షవాయువు గలవాని స్వస్థతను వివరించే మార్కు 2:1-12 వాక్యభాగం తెలుగు సంఘాలకు బాగా పరిచయమైనది. ఉజ్జీవ కూటాల్లో, యౌవనస్థుల శిబిరాల్లో, సండేస్కూలు పాఠాల్లో, స్వస్థత ప్రార్థనల్లో ఇది తరచుగా వినబడుతుంది. అయితే ఎక్కువగా విన్న భాగాన్ని తక్కువగా చదవడం ప్రసంగికులకు, శ్రోతలకు ఇద్దరికీ ఉన్న అలవాటే. ఈ కథలో మంచం పట్టిన మనిషి ఉన్నాడు, యేసు ప్రభువు ఉన్నాడు, శాస్త్రులు ఉన్నారు. వీరందరి గురించి మనం చాలా చెప్పుకొన్నాం. మోసినవారి గురించి చెప్పుకొన్నది మాత్రం ఒక్క పార్శ్వానికే పరిమితమైంది.

ఈ భాగం కేవలం సువార్త పాఠమో, స్వస్థత పాఠమో కాదనీ, తీవ్ర వ్యాధితో ఉన్న మనిషి భారాన్ని ఒక సమూహం ఎలా పంచుకొంటుందో చూపే పాఠం కూడా అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పార్శ్వాన్ని విడిచిపెట్టడం వ్యాఖ్యానశాస్త్రంలో లోపంగా మాత్రమే మిగలదు. దాని ఫలితం మన సంఘాల్లోని కొన్ని ఇళ్ళ నాలుగు గోడల మధ్య, రాత్రివేళల్లో కనబడుతుంది.

ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానాలు

మన ప్రసంగాల్లో ఈ భాగానికి ముఖ్యంగా మూడు వ్యాఖ్యానాలు ఉన్నాయి. మొదటిది ఆత్మల సంపాదన. రోగి పాపికి గుర్తు, నలుగురు సువార్తికులకు గుర్తు, ఇంటి కప్పు ఆటంకాలకు గుర్తు. నలుగురికి ప్రేమ, విశ్వాసం, పట్టుదల, ఐక్యత అని పేర్లు పెట్టి నాలుగు అంశాల ప్రసంగం చేయడం కూడా వాడుకలో ఉంది. రెండవది స్వస్థత. విశ్వాసం ఉంటే రోగి లేచి నడుస్తాడని ఈ వ్యాఖ్యానం చెబుతుంది. మూడవది పాపానికీ రోగానికీ ముడిపెట్టేది. ప్రభువు ముందుగా పాపక్షమాపణ ప్రకటించాడు గనుక రోగానికి మూలం పాపమేనని దీని వాదన. యోహాను 9:1-3లో ప్రభువే ఈ సూత్రాన్ని అందరికీ వర్తింపజేయడాన్ని నిరాకరించినా, రోగి ఇంటి గుమ్మంలో ఈ మాట ఇంకా వినబడుతూనే ఉంది.

మొదటి వ్యాఖ్యానంలో కొంత సత్యం ఉంది. ప్రభువు దగ్గరకు మనుష్యులను తీసుకొని రావడం సంఘం పనే. కాని రోగిని పాపికి గుర్తుగా మార్చిన వెంటనే ఆ రోగి శరీరం, దాని బరువు కథలోనుండి మాయమవుతాయి. మనిషిని మోయడం ఒక అలంకారంగా మిగిలిపోతుంది. మార్కు వ్రాసినది అలంకారం కాదు. ఒక నిజమైన శరీరాన్ని, నిజమైన చేతులు, నిజమైన మెట్ల మీదుగా పైకి ఎత్తాయి.

వాక్యభాగం ఏమి చెబుతున్నది?

మొదటి పరిశీలన సంఖ్యకు సంబంధించినది. మత్తయి 9:2లో గాని లూకా 5:18లో గాని నలుగురు అనే సంఖ్య లేదు. ఆ వివరం మార్కుకే చెందినది. మూడవ వచనంలోని గ్రీకు వాక్యనిర్మాణాన్ని గమనిస్తే, వచ్చినవారు ఒక గుంపు, వారు తెచ్చిన రోగి నలుగురిచేత మోయబడుతున్నాడు. మన పాత తెలుగు అనువాదం ఈ భేదాన్ని చక్కగా నిలబెట్టింది. తీసుకొనివచ్చినవారిని ‘కొందరు’ అనీ, మోసినవారిని ‘నలుగురు’ అనీ వేర్వేరుగా చెప్పింది. ప్రసంగాల్లో ఆ ‘కొందరు’ కనుమరుగై నలుగురే మిగిలారు. మిగతావారు ఎవరో మార్కు చెప్పలేదు. రోగి భార్యో తల్లో వారిలో ఉందని మనం కల్పించి చెప్పకూడదు. అయితే ఒకటి మాత్రం స్పష్టం. మోసేవారి వెంట మోయనివారు కూడా నడిచారు. మంచం మోయడం నలుగురి పని అయితే, ఆ మనిషిని ప్రభువు దగ్గరకు చేర్చడం అంతకంటే పెద్ద గుంపు పని.

రెండవ పరిశీలన కప్పుకు సంబంధించినది. లూకా కథలో పెంకులు తీస్తారు. మార్కు వాడిన గ్రీకు క్రియకు త్రవ్వడం అని అర్థం. పాత అనువాదంలో ‘సందు’ చేయడం అన్నచోట ఆ త్రవ్వే శ్రమ కొంత మరుగున పడుతుంది. దూలాలు, కొమ్మలు పరచి పైన మట్టి మెత్తిన పాలస్తీనా ఇంటికప్పు రాయలసీమ మట్టి మిద్దెను చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. మిద్దె త్రవ్వితే క్రింద ఉన్నవారి తలలపై మన్ను పడుతుంది. ఆ తరువాత ఎవరో దాన్ని మళ్ళీ పూడ్చాలి. అలాగే ‘పరుపు’ అని అనువదించిన క్రబత్తోస్ అనే పదం బీదవాని పడకను సూచిస్తుంది. మన ఇళ్ళలో దానికి దగ్గరి వస్తువు చాప, లేదా బొంత. ఇది డబ్బుతో మనుషులను పెట్టుకొని సేవ చేయించుకోగల ఇంటి కథ కాదు.

మూడవ పరిశీలన ద్వారానికి సంబంధించినది. రోగిని లోపలికి రానివ్వకుండా అడ్డుపడింది శత్రువులు కాదు, వాక్యం వింటున్న జనసమూహం. రెండవ వచనం ప్రకారం ప్రభువు వారికి వాక్యం బోధిస్తున్నాడు. వినేవారు చెడ్డవారని మార్కు అనలేదు. వారు ముందుకు చూస్తున్నారు గనుక వెనుక నిలిచిన మంచం వారికి కనబడలేదు. నిండిన ఆరాధన, గట్టిగా వినబడుతున్న ప్రసంగం, గుమ్మం దగ్గర ఆగిపోయిన రోగి: ఈ మూడూ ఒకే దృశ్యంలో ఉండడం వాక్య పరిచర్య చేసే మనం ఆలోచించవలసిన సంగతి.

నాలుగవది, ముఖ్యమైనది. ఐదవ వచనంలో ప్రభువు ‘వారి’ విశ్వాసాన్ని చూశాడని ఉంది. రోగి ఇంకా లేవలేదు, శాస్త్రులు ఇంకా ప్రశ్నించలేదు. ఆ క్షణంలో కంటికి కనబడినది చెమట పట్టిన మనుషులు, త్రవ్విన కప్పు, దిగివస్తున్న పడక మాత్రమే. దానినే మార్కు విశ్వాసం అన్నాడు. ఆ మాటలో రోగి కూడా చేరి ఉండవచ్చు. ఏది ఏమైనా, ఇక్కడ విశ్వాసం స్వస్థతకు ముందే కనబడింది, స్వస్థతతో కొలవబడలేదు. మన ఇళ్ళలో చాలామంది రోగులు లేచి నడవరు. క్యాన్సరు చివరి దశలో ఉన్నవారు, తీవ్రమైన పక్షవాతంతో సంవత్సరాల తరబడి పడి ఉన్నవారు, మతిమరుపు వ్యాధిలో పిల్లల పేర్లు మరచిన తల్లులు ఉన్నారు. వారిని చూసుకొనేవారితో మీ విశ్వాసం చాలలేదని చెప్పడానికి ఈ వాక్యభాగం అవకాశం ఇవ్వదు. మోయడమే విశ్వాసమని చెప్పడానికి ఇస్తుంది.

ఈ కథ పక్కన యోహాను 5:1-9ని ఉంచి చదవాలి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పది ఎనిమిది ఏండ్లు వ్యాధితో ఉన్న మనిషి, తనను నీళ్ళలో దించడానికి ఎవరూ లేరని ప్రభువుతో చెప్పుకొన్నాడు. ప్రభువు అతణ్ణి బాగుచేశాడు. మోసేవారు లేకపోయినా ఆయన కృప ఆగదు. అయినా ఆ జవాబు ఆనాటి సమాజంపై ఒక సాక్ష్యంగా గ్రంథంలో నిలిచి ఉంది.

యోబు భార్యను ఎవరు పరామర్శించారు?

రోగి దగ్గరే ఉండి చూసుకొనే మనిషి గురించి పరిశుద్ధ గ్రంథం తక్కువగా మాట్లాడుతుంది. మాట్లాడిన ఒకచోట వ్యాఖ్యాతలు ఆమెను దూషించారు. యోబు 2:9లో భార్య పలికిన మాటను బట్టి అగస్టీను ఆమెను అపవాదికి సహాయపడినదానిగా చిత్రించాడు. మన ప్రసంగాల్లోనూ ఆమె బుద్ధిలేని భార్యకు మాదిరిగానే నిలిచింది.

మన తెలుగు పాత నిబంధనలో ఈ వచనం హెబ్రీ మూలాన్ని అనుసరించి చిన్నదిగా ఉంటుంది. గ్రీకు సెప్టువజింతులో ఇదే చోట ఆమె ప్రసంగం పెద్దది. తాను కన్న బిడ్డలు పోయారనీ, భర్త రాత్రింబగళ్ళు ఆరుబయట పురుగుల మధ్య కూర్చున్నాడనీ, తాను కూలిదానిగా ఇల్లిల్లూ తిరుగుతున్నాననీ, కాస్త విశ్రాంతి కోసం పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని ఎదురుచూస్తున్నాననీ ఆమె చెబుతుంది. యోబు నిబంధన అనే యూదుల గ్రంథంలో సితిస్ అనే పేరుతో ఆమె నీళ్ళు మోసి భర్తకు రొట్టె తెస్తుంది, చివరకు రొట్టె కోసం తన తలవెండ్రుకలనే అమ్ముకొంటుంది. ఈ పాఠాలకు హెబ్రీ గ్రంథంతో సమానమైన అధికారం ఉందని నేను అనడం లేదు. అయితే తొలి పాఠకులలో కొందరికి ఆమె మాట వెనుక ఉన్న అలసట అర్థమైందని ఇవి చూపుతున్నాయి.

యోబు 2:11-13లో ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మౌనంగా అతనితో నేలపై కూర్చున్నారు. వారు చేసినవాటిలో మంచిది అదే. కాని ఆ ఏడు దినాల్లో వారిలో ఒక్కరైనా ఆమెను పలకరించినట్లు గ్రంథంలో లేదు. మన పరామర్శలు కూడా ఈ పద్ధతిలోనే సాగుతున్నాయి. వచ్చినవారు రోగి తలపై చేయి ఉంచి ప్రార్థిస్తారు. వంటింట్లో టీ కాస్తున్న మనిషి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో అడగరు.

ఇంటిలోని భారం

ఈ భారం ఎలాంటిదో స్పష్టంగా చెప్పుకోవాలి. కదలలేని రోగికి పడక పుండ్లు పడకుండా ఉండాలంటే సుమారు రెండు గంటలకొకసారి పక్క తిప్పాలి. అంటే చూసుకొనేవారికి రాత్రి మూడు నాలుగు ముక్కలవుతుంది. బరువైన మనిషిని ఒక్కరే తిప్పితే తిప్పినవారి నడుము దెబ్బతింటుంది. డయాలసిస్ అవసరమైన మనిషికి సాధారణంగా వారానికి రెండు లేక మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం దగ్గర గడుస్తాయి. ప్రయాణం కలిపితే అది తోడు వెళ్ళే మనిషికి కూడా ఒక పనిదినం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను పట్టి ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది గొప్ప మేలు. కాని ఆసుపత్రి దగ్గరకు వచ్చినా, తోడు వెళ్ళిన భార్యకు ఆనాటి కూలి రాదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పెద్ద జబ్బుల చికిత్స ఖర్చులో బీదవారిని ఆదుకొంది. ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన తరువాత మొదలయ్యే దీర్ఘకాలపు సేవా భారం మాత్రం ఎక్కువగా ఇంటివారిపైనే పడుతుంది. మన మిషనుల చరిత్ర కూడా ఎక్కువగా ఆసుపత్రుల చరిత్రే. 1910ల దశకంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వెలసిన క్షయ శానిటోరియం దక్షిణాదిలో ఎందరినో బ్రతికించింది. అదే క్షయ విషయంలో, ఇంటివద్ద ఇచ్చే మందులు శానిటోరియం చికిత్సకు తీసిపోవని 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన చూపింది. ఆ విధంగా చికిత్స ఇంటికి వచ్చింది. సేవ చేసే బాధ్యత కూడా దానితోపాటే ఇంటికి వచ్చింది. మంచి ఆసుపత్రులు కట్టిన సంఘం, ఇంటికి వచ్చిన ఈ భారాన్ని తన పరిచర్యగా ఇంకా పూర్తిగా ఎంచలేదు.

మా ప్రాంతంలో, భర్తను ఐదేళ్ళు మంచం మీద చూసుకొన్న ఒక సహోదరి నాతో అన్న మాటను ఇక్కడ వ్రాయడం సమంజసం. “అయ్యగారూ, ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళకు కొదువ లేదండి. ఆయన దగ్గర ఒక్క గంట కూర్చుంటాం, నువ్వు పడుకో అమ్మా అన్నవాళ్ళు లేరండి.” ఇందులో ప్రార్థనపై ఫిర్యాదు లేదు. ప్రార్థన చేసిన చేతులు మరొక గంట అక్కడ ఉండాలనే మనవి ఉంది.

రెండు అభ్యంతరాలు

ఇది కుటుంబం బాధ్యత, సంఘం బాధ్యత కాదనడానికి 1 తిమోతి 5:8, 16 వచనాలను చూపుతారు. స్వకీయులను సంరక్షించడం విశ్వాసి విధి అని పౌలు చెప్పిన మాట నిజమే. అయితే ఆ అధ్యాయం సంఘం సొమ్ము నిజంగా దిక్కులేని విధవరాండ్రకు చేరేటట్లు క్రమం ఏర్పరుస్తున్నది. కుటుంబం బాధ్యతను ఎగవేయకూడదని చెప్పడం వేరు. బాధ్యతను నిర్వహిస్తూ కూలిపోతున్న కుటుంబాన్ని వదిలివేయవచ్చని చెప్పడం వేరు. రెండవది ఆ వచనాల్లో లేదు.

గలతీయులకు 6:5లో ప్రతివాడు తన ‘బరువు’ తానే భరించుకోవాలని ఉంది కదా అనేది రెండవ అభ్యంతరం. అదే అధ్యాయం రెండవ వచనం ఒకరి ‘భారములు’ ఒకరు భరించాలని చెబుతుంది. గ్రీకులోనూ రెండు వేర్వేరు పదాలే. మొదటిది మోయలేని బరువనీ, రెండవది ఎవరి మూట వారిదనీ వ్యాఖ్యాతలు విడదీస్తారు. మత్తయి 23:4లో ఆ ‘మూట’ అనే పదమే మోయలేని బరువులకు కూడా వాడబడింది గనుక, పదాల తేడాపైనే వాదమంతా నిలపకూడదు. సందర్భం చాలు. ఐదవ వచనం తన పనిని తానే పరీక్షించుకొనే విషయాన్ని గురించినది. పొరుగువాడు కూలిపోతుంటే ఊరుకోవడానికి అది అనుమతి కాదు. మోషే అంతటివాడు ఈ జనాన్ని నేనొక్కడినే మోయలేనని సంఖ్యాకాండము 11:14లో మొరపెట్టుకొన్నాడు. దేవుడు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, డెబ్బదిమంది పెద్దలను ఇచ్చాడు.

‘నలుగురు’ అనే తెలుగు మాట

తెలుగులో ‘నలుగురు’ అంటే సమాజం. నలుగురిలో పరువు, నలుగురు నవ్విపోతారు అంటాం. ఆ మాటకు మరొక అర్థం కూడా ఉంది. పోయినప్పుడు మోయడానికి కావలసిన నలుగురు. 2004లో వచ్చిన ‘ఆ నలుగురు’ చలనచిత్రం పేరు వెనుక ఉన్నది ఈ అర్థమే. మన సంఘాలు ఈ రెండవ అర్థాన్ని నమ్మకంగా నెరవేరుస్తున్నాయి. భూస్థాపనకు మోసేవారు దొరుకుతారు. ఆదరణ కూడికకు షామియానా, కుర్చీలు, భోజనాలు సిద్ధమవుతాయి. అడగకుండానే ఒకరు వంటకు, ఒకరు నీళ్ళకు నిలబడతారు. ఇది మన సంఘాల సొంత బలం. మార్కు చూపే నలుగురు మాత్రం బ్రతికి ఉన్న మనిషిని మోసినవారు. మనకు మనుషులు కొదువ కాదు, వారు వచ్చే సమయమే తేడా. తొలి అర్థంలోని ‘నలుగురు’ అడ్డుపడడం కూడా దీనికి ఒక కారణం. క్యాన్సరు అని తెలిస్తే ఆడపిల్ల సంబంధం చెడుతుందేమో, పాపం చేశారని అనుకొంటారేమో అనే భయంతో కుటుంబాలు తలుపులు వేసుకొంటాయి. సహాయం అడగడం అవిశ్వాసం కాదని ప్రసంగ వేదిక నుండి వినబడనంతవరకు ఆ తలుపులు తెరుచుకోవు.

చేయదగిన పని

ఇది సాధ్యమేనని చూడడానికి దూరం వెళ్ళనక్కరలేదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన సేవా ఉద్యమం, 2000 సంవత్సరం అటుఇటుగా మలప్పురం పరిసరాల్లో ఇరుగుపొరుగు బృందాలుగా విస్తరించింది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగల సాధారణ పౌరులకు శిక్షణ ఇచ్చి, తమ వాడలోని రోగుల ఇళ్ళకు పంపడం దాని పద్ధతి. వైద్యులు, నర్సులు వారికి వెన్నుదన్నుగా ఉంటారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంలోకి తీసుకొంది. ఇందులో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలిసి పనిచేశారు. మన దగ్గర హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ ఉపశమన సేవా కేంద్రాలు ఉన్నాయి. నొప్పిని తగ్గించే వైద్యాన్ని ఆశ్రయించడం ప్రార్థనకు వ్యతిరేకం కాదని కాపరులు స్పష్టంగా చెప్పాలి.

వారానికి రెండు గంటలు అనే కొలత మన సంఘానికి పెద్దది కాదు. ఒక రోగికి నలుగురిని ఏర్పాటు చేయవచ్చు. ఒకరు వారంలో ఒక పూట రోగి దగ్గర కూర్చుంటారు, ఆ పూట చూసుకొనేవారు నిద్రపోతారు, లేదా ఆరాధనకు వస్తారు. ఒకరు ఆసుపత్రికి తోడు వెళతారు, కాగితాల పని చూస్తారు. ఒకరు వారానికి రెండుసార్లు కూర, అన్నం పంపుతారు. ఒకరు పిల్లల చదువు విచారిస్తారు. స్త్రీల సమాజం, యౌవనస్థులు ఇద్దరూ ఇందులో ఉండాలి. మగ రోగిని ఎత్తి తిప్పే పని ఎప్పుడూ స్త్రీలకే వదలకూడదు. ‘ఏదైనా అవసరమైతే చెప్పండి’ అనే మాట మానాలి. అలసిన మనిషి చెప్పదు. ‘గురువారం మధ్యాహ్నం రెండింటికి వస్తాను’ అనాలి, రావాలి. రోగి మరణించిన తరువాత కూడా ఆ నలుగురు కొంతకాలం ఆ ఇంటికి వెళ్ళాలి. ఐదేళ్ళు ఒక మంచం చుట్టూ తిరిగిన మనిషికి, ఆ మంచం ఖాళీ అయిన ఇల్లు ఎంతో కష్టం.

ముగింపు

మార్కు 2:1-12ను ఆత్మల రక్షణకు సంబంధించిన పాఠంగా ప్రకటించడం మానాలని ఈ వ్యాసం కోరదు. పాపక్షమాపణ అధికారం మనుష్యకుమారునిదనే సత్యం ఈ భాగానికి కేంద్రం. అది అలాగే ఉండాలి. అయితే ఆ కేంద్రానికి మనిషిని చేర్చినవి కొందరి కాళ్ళు, నలుగురి చేతులు. వాటిని అలంకారంగా మార్చిన వ్యాఖ్యానం వాక్యానికి న్యాయం చేయదు, ఇంటిలో ఒంటరిగా మోస్తున్నవారికి కూడా న్యాయం చేయదు.

తోటి కాపరులకు ఒక మనవి. ఈ వాక్యభాగంపై ప్రసంగం సిద్ధపరచుకొనే వారంలో, సంఘ పట్టీ ముందుంచుకొని మంచంపై ఉన్నవారి పేర్లు వ్రాయండి. ప్రతి పేరుకు ఎదురుగా, ఆ ఇంట్లో రాత్రి మేలుకొని ఉండే మనిషి పేరు వ్రాయండి. రెండవ వరుసలో ఖాళీగా మిగిలిన పేర్లను తెలుసుకొన్న తరువాతే ప్రసంగానికి అంశాలు వ్రాయడం మొదలుపెట్టండి.